మనాప్‌కి లేచిన గడ్డ

తొక్మోక్, మే 14

కొండ మీద గొర్రెల మధ్య నిశ్చింతగా ఉన్న బూరుల్ అక్కకి,

కోపంతో రాస్తున్నాను కాబట్టి కుశల ప్రశ్నలు లేవు. నువ్వు కోసి వెళ్ళిన గినీ పంది మనాప్ చచ్చిపోయేలా ఉంది.

ఇవాళ్టికి పదకొండో రోజు. నువ్వు వృషణాలు తీసిన చోట, ఎడమవైపు, గడ్డ లేచింది. మొన్న శనగగింజంత ఉండేది, ఇవాళ అక్రోటుకాయంత అయింది. నొక్కితే చీము కారదు. గుడ్డలో కట్టి నీరు పిండేసిన పెరుగులా లోపలే ముద్దకట్టి ఉంది. మనాప్ మూలన వీపు వంచుకుని కూర్చుని పళ్ళు నూరుతున్నాడు. దోసకాయ ముక్క పెడితే మొహం తిప్పుకుంటున్నాడు. పట్నంలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, బుట్ట మూత ఎత్తి చూసి, "టీచరమ్మా, దీని వైద్యానికి పెట్టే ఖర్చుతో పది కొత్తవి వస్తాయి కదా," అని నవ్వాడు. మందుల షాపులో అడిగితే మనుషులకిచ్చే మాత్ర ఒకటి చేతిలో పెట్టారు. అదే నూరి పోస్తున్నాను.

తప్పు నీదే. గొర్రెపిల్లని కోసినట్టు కోశావు. నీ చేతికి వేల పొట్టేళ్ళ అలవాటు ఉంది గానీ, ఇది అరచేతిలో పట్టే ప్రాణి, పొట్ట నేలకి రాసుకుంటూ నడిచేది. ఆ తేడా నీకు తట్టలేదు.

నాకెందుకింత కడుపుమంటో నీకు తెలుసు. బడిలో జంతువుల గది నాది. అందులో గినీ పందులు ఆడవీ మగవీ కలిసి నెలకో కాన్పు. మగవి ఐదింటినీ పాముల ప్రదర్శనశాలకి మేతగా పంపేద్దామన్నాడు మా హెడ్మాస్టరు మామితోవిచ్. మీటింగులో లేచి నిలబడి, కోయిస్తే చాలు, చంపక్కర్లేదని వాదించాను. మగ టీచర్లంతా కుర్చీల్లో కాళ్ళు దగ్గరికి జరుపుకున్నారు. "దేవుడిచ్చినదాన్ని కోస్తే మగపుటక పుట్టి ఏం లాభం సైరా?" అన్నాడు వ్యాయామం మాస్టారు. ఏటా వసంతంలో పొట్టేళ్ళన్నిటికీ వృషణాలు తీయించి, ఆ కొవ్వు పట్టిన మాంసం వేళ్ళు నాకుతూ తినే మనిషి దేవుడి మాట ఎత్తుతున్నాడు. అదే అడిగాను. చివరికి, "ఒకడిని కోయించి చూపించు. బతికి బాగుంటే మిగతా నలుగురినీ కోయిద్దాం. లేదంటే ఐదుగురూ పాములకే," అన్నాడు మామితోవిచ్. ఇరవై అయిదో తారీకు ఆఖరి మీటింగు.

ఒక పని చెయ్యి. తప్పు నీదేనని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పంపు. ఆ కొండ మీద నిన్ను అడిగేవాడెవడూ లేడు. ఆలోచన తప్పు కాదు, చెయ్యి తప్పని నేను వాదించుకుంటాను. ఫోను అందని చోట కూర్చున్నావు గనక ఈ ఉత్తరం నరీన్ వైపు వెళ్ళే వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. జవాబు అతని చేతికే ఇయ్యి.

కోపం తగ్గని నీ చెల్లెలు
సైరగుల్


తొక్మోక్, మే 17

అక్కా,

డ్రైవరు తెచ్చిన కవరు అందింది. గొర్రెపిల్లలకి నువ్వు సూది వేసే మందు సీసా, తిమ్మిరి మందు సీసా, ఏం చెయ్యాలో రాసిన రెండు పేజీలు, వాటి కింద ఆ కాగితం. "తప్పు నాదే. పశువైద్యురాలు బూరుల్." ఒక్క ఎదురు ప్రశ్న వెయ్యకుండా సంతకం పెట్టేశావు. నాలుగు తిట్లు రాసి ఉంటే హాయిగా పోట్లాడేదాన్ని.

నువ్వు వెళ్ళేముందు గుమ్మంలో చెప్పులేసుకుంటూ చెప్పిన మాట నాకు గుర్తుంది. ఆ మాట ఉత్తరంలో కావాలనే రాయలేదు. "పదిరోజులు రంపప్పొట్టు వద్దు. ఉతికిన పాత గుడ్డ వెయ్యి, రోజూ మార్చు. ఎవరూ ముట్టుకోకూడదు." మూడు రోజులు అలాగే చేశాను. నాలుగో రోజు తల్లిదండ్రుల సమావేశం ఉంది. మనాప్‌ని అద్దాల పెట్టెలో పెట్టాను. చూడ్డానికి బాగుంటుందని అడుగున కొత్త రంపప్పొట్టు దట్టంగా పోశాను. జనం ముందు వాణ్ణి వెల్లకిలా తిప్పి, "చూడండి, గాయం ఎంత శుభ్రంగా మానుతోందో," అన్నాను. నలభైమంది వంతులవారీగా వేలు పెట్టి చూశారు. అప్పుడు పొట్టు రవ్వ ఒక్కటి గాయం లోపలికి దిగినా చాలు కదా. సాయంత్రం దాకా వాడు ఆ పొట్టులోనే ఉన్నాడు. నేను వరండాలో అభినందనలు అందుకుంటున్నాను.

గది ఊడ్చే క్లావా పిన్ని అప్పుడే అంది: "టీచరమ్మా, అది ప్రాణం. నీ మీటింగులో చూపించే బోర్డు కాదు." ముసలమ్మ చాదస్తమన్నాను. ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో వ్యాసాలు రాసి మూర్ఖుల్ని ఉతుకుతున్నాను అక్కా. ఆ రోజు నన్ను ఉతకాల్సింది.

నువ్వు రాసినట్టే ఆ మాత్ర ఆపేశాను. కడుపులో గడ్డిని అరిగించే మంచి క్రిముల్ని కూడా అది చంపుతుందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. మూడు రోజులు నా చేత్తోనే పోశాను.

ఇవాళ మధ్యాహ్నం గడ్డ కోశాను. క్లావా పిన్ని తువ్వాల్లో చుట్టి పట్టుకుంది. నువ్వు చెప్పినట్టు ముందు తిమ్మిరి మందు వేసి, కింది అంచున చిన్న గాటు పెట్టాను. ముద్దలు ముద్దలుగా వచ్చింది. కంపుకి కళ్ళు మండాయి. చుట్టూ ఉన్న తిత్తిని పట్టకారుతో లాగుతుంటే వాడు సన్నగా ఈలలా అరిచాడు. నా చెయ్యి ఆగిపోయింది. "ఇప్పుడాగితే ఎలా? ఉపన్యాసాల్లో ఆగవుగా," అంది పిన్ని. లాగాను. ఉప్పునీళ్ళతో కడిగాను. పైన మూసుకుపోతే లోపల మళ్ళీ పుడుతుందన్నావు గనక కుట్టలేదు, తెరిచే ఉంచాను. రోజుకి రెండుసార్లు పొక్కు తీసి కడగాలి. తడిపి నూరిన ఎండుగడ్డి వాడి నోట్లో పిచికారీతో పోస్తున్నాను. సగం బయటికే వచ్చేస్తోంది. వాడి బరువు చేతికి తెలియడం లేదు. బతుకుతాడని నాకు నమ్మకం లేదు.

నీ కాగితం బల్ల సొరుగులో ఉంది. దాన్ని ఏం చేస్తానో నాకే తెలియడం లేదు.

సైరగుల్


తొక్మోక్, మే 26

నన్ను తిట్టడం చేతకాని అక్కకి,

నిన్న మీటింగు అయింది. మనాప్ చావలేదు, అలాగని బాగుపడిందీ లేదు. రంధ్రం లోపలి నుంచి ఎర్రగా పూడుకొస్తోంది. పందొమ్మిదో తారీకున తనంతట తాను ఒక గడ్డిపోచ నమిలాడు. నిన్న కూడా నాలుగే నమిలాడు.

మామితోవిచ్ మనాప్‌ని బుట్టలో చూసి, "కోసిన వాళ్ళెవరు? మీ అక్కే కదా? ఆమె తప్పే కదా?" అన్నాడు. పాపం, నాకు దారి ఇస్తున్నాడు. నీ కాగితం నా సంచిలో ఉంది. తల ఊపితే చాలు. "కోత బాగానే జరిగింది. కుళ్ళబెట్టింది నేను," అన్నాను. రంపప్పొట్టు, అద్దాల పెట్టె, నలభై వేళ్ళు, మాత్ర, అన్నీ చెప్పాను. అంత చిన్న ఉపన్యాసం నేనెప్పుడూ ఇవ్వలేదు. వ్యాయామం మాస్టారు నవ్వుతాడనుకున్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"అయితే గది తాళం నీ దగ్గర ఉండటానికి వీల్లేదు," అన్నాడు మామితోవిచ్. సంచిలోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాను. మిగతా నలుగురి సంగతి ఏమిటని మాత్రం నేను అడగలేదు. ఏ మొహంతో అడగను?

అడిగింది క్లావా పిన్ని. టీ కెటిలు పట్టుకుని లోపలికొచ్చింది, కప్పులు నింపుతూనే అంది: "అయ్యా, తప్పు కోతలో లేదని ఇప్పుడే విన్నారుగా. ఆ నలుగుర్నీ నాకివ్వండి. ఆమె ఉపన్యాసాలు చెప్పుకుంటుంది, నేను పెంట ఎత్తుతాను. ఇన్నాళ్ళూ ఎత్తింది ఎవరనుకున్నారు?" ఎవరో ఫక్కుమన్నారు. మామితోవిచ్ చెంచాతో టీ కలిపాడు. తర్వాత తాళం ఆమె వైపుకి తోశాడు.

నీ కాగితం ఇంటికొచ్చి పొయ్యిలో వేశాను. నీ సంతకం పొరపాటున కూడా ఇంకెవరి కంటా పడకూడదు.

మందలు పై పచ్చికకి ఎక్కకముందే ఒకసారి రా అక్కా. కోయాల్సిన వాళ్ళు నలుగురున్నారు. క్లావా పిన్ని పాత దుప్పట్లు చింపి, ఉడకబెట్టి ఆరేసింది. నువ్వు కోస్తున్నంతసేపూ నన్ను గది బయటే నిలబెడుతుందట. నిలబడతాను.

నీ చెల్లెలు
సైరగుల్