అమ్మ మణికట్టుకు తగిన పెనం

అమ్మా,

నేను క్షేమం. మెరెసీని పిన్ని నాన్‌స్టిక్ పెనం మాత్రం క్షేమంగా లేదు.

సువా పట్నంలో చదువుతున్నా నీ పెంపకం మరవలేదని చాటడానికి, నిన్న దాన్ని నువ్వు నేర్పినట్టే ఇసుకా కొబ్బరి పీచూ పెట్టి తోమాను. నలుపంతా వదిలి అద్దంలా మెరిసింది. గర్వంగా తెచ్చి చూపిస్తే పిన్ని కుర్చీలో కూలబడింది. "ఒరేయ్ అపీసాయీ, అది మసి కాదురా, పూత! నువ్వు డిగ్రీ చదువుతున్నావట్రా?" అంది. కాసేపటికి తనే పగలబడి నవ్వి, "అక్కకి కొనిస్తే మొదటి రోజే దానికీ ఇదే గతి" అంది.

అయినా నీకూ ఒకటి కొన్నాను. రేవులో జారిపడ్డాక నీ కుడి మణికట్టు ఇనప పెనం ఎత్తలేకపోతోందని చెల్లి రాసింది. నువ్వు రాయలేదు. కొట్లో ఒక్కో పెనాన్నీ రెండు వేళ్లతో ఎత్తి చూస్తుంటే, అక్కడి అమ్మాయి "పెనం కొంటున్నావా అన్నా, చేపని తూస్తున్నావా?" అంది. అన్నిటికన్నా తేలికైనదే తీసుకున్నాను. శుక్రవారం పడవలో మన కోరో దీవికి వస్తుంది. కొయ్య గరిటె వాడు, మెత్తటి గుడ్డతో కడుగు. ఇసుక జోలికి పోనని చర్చిలో ప్రమాణం చేసినా నేను నమ్మను.

నాన్న దగ్గు తగ్గిందా? నాలుగు చేమదుంపలు పంపు, పిన్ని ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

పెనం అందగానే కుడిచేత్తో ఎత్తి చూడు. నొప్పి పెడితే దాచకు, ఈసారి నువ్వే రాయి. ఇంకా తేలికైనది వెతుకుతాను.

ఆ చేతిని దేవుడు చల్లగా చూడాలి.

నీ అపీసాయి