దోసెడు సబ్బుపొడి

అత్తా,

వాషింగ్ మిషన్ తిరుగుతాంది! పాత సామాన్లాయన వస్తే ఇచ్చేది లేదని చెప్పి పంపించు. వెనక పైపు విప్పి చూస్తే లోపలి చిన్న జల్లెడంతా సున్నం పట్టి మూసుకపోయింది. నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడితే బుసబుస పొంగి ఊడొచ్చింది! అంతా మన కొళాయి ఉప్పునీళ్ల పనే. నురుగు రాలేదని నువ్వు దోసెడు సబ్బుపొడి వేసినందుకు కాదు. మిషన్ ఆగిపోయిన పొద్దు ఊరికే నీ మీద అరిచినాను. నువ్వేమో మూడు నెలలుగా రాతిమీదే ఉతుకుతాండావు.

ఎమ్మిగనూరు బస్సుకు టైమైంది, పోతాండాను. దుప్పట్లు మిషన్‌లో వేసిపెట్టినాను. కొళాయి తిప్పి స్విచ్చు వెయ్యి.

పావని

సబ్బుపొడి మాత్రం నేను వెయ్యలేదు. అది నీ చేత్తోనే వెయ్యాల, నీకెంత వెయ్యాలనిపిస్తే అంత.