ఆనందమ్మకు బాగయిందన్న సాక్ష్యం

గుండ్లపల్లె,
1944 జనవరి 17

ప్రభువునందు ప్రియమైన కూతురు చంద్రకాంతకు నాయన దీవెనలు.

మీ అమ్మకు జ్వరం ఇడిసింది తల్లీ! పదకొండు దినాలు కాగిన ఒళ్లు శుక్రవారం పొద్దున సల్లబడింది. గంజి అడిగి తాగింది. సంఘమంతా మూడు పూటలు ఉపవాసం ఉండి మోకరించినారు, ఆ ప్రార్థన యాడికి పోతుంది? నిన్న ఆరాధనలో నిలబడి, "దేవుడు ఆనందమ్మను బాగుచేసినాడు" అని సాక్ష్యం చెప్పినాను. జనం చప్పట్లు కొట్టి పాడినారు. ఈ మధ్య మన దగ్గరికి వస్తా ఉండే బండి మునస్వామి, ఇంటిల్లిపాదీ ఈస్టరుకు బాప్తిస్మం తీసుకుంటామన్నాడు. ఇన్నేండ్ల ఉపదేశి పనిలో ఇంత సంతోషం నేనెరగను. నర్సు చదువులో పడి ప్రార్థన మరిచిపోవద్దు.

నీ నాయన,
పెంచలయ్య

చిత్తూరు ఆస్పత్రి,
జనవరి 31

ప్రియమైన నాయనకు చంద్రకాంత వందనాలు.

నీ జాబు చదివి వార్డులోనే ఏడ్చినాను, సంతోషంతో. కానీ నాయనా, నిన్న బెల్లం బండ్లతో మనూరి చెంగయ్య మామ వచ్చినాడు. అమ్మ డొక్క పట్టుకోని వాకిట్లో కూలబడిందని చెప్పినాడు. పరిగెత్తిపోయి మా డాక్టరమ్మను అడిగినాను. ఇట్లాంటి జ్వరం తగ్గినాక ఒక్కొక్కరికి రొమ్ము లోపల, ఊపిరితిత్తుల చుట్టూ, చీము చేరతాదంట. తొందరగా తెస్తే సూదితో తీసేస్తారంట, ఆలస్యమైతే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదంట. బొగ్గుతో నడిచే ఆ బస్సు ఎక్కితే ఎంత సేపు! వార్డులో మంచం నేను చెప్పిపెట్టినాను. అమ్మను పిలుచుకోని రా నాయనా, నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ బిడ్డ,
చంద్రకాంత

గుండ్లపల్లె,
ఫిబ్రవరి 4

ప్రియమైన చంద్రకాంతకు,

చెంగయ్య నోటికి హద్దుండాదా? తాగి ఏమి చూసినాడో! మీ అమ్మ లేచి వంట చేస్తా ఉండాది. నలుగురి ముందర సాక్ష్యం చెప్పిన మనిషి మూడో వారమే పెండ్లాన్ని ఆస్పత్రికి పిలుచుకపోతే జనం ఏమనుకుంటారు? మునస్వామి ఏమనుకుంటాడు? 'పెంచలయ్య దేవుడు బాగుచేసేది పదిహేను దినాలకేనా' అని ఊరు నవ్వదా? నా పరువు పోతే పోనీ. ఆయన నామానికి మచ్చ రాకూడదు.

సాయంత్రాలు కొంచెం ఒళ్లు కాగతా ఉండేది నిజమే. అది నీ దగ్గరనే పెట్టుకో. ఎవురికీ చెప్పొద్దని మీ అమ్మ కూడా అనింది.

పెంచలయ్య

చిత్తూరు,
ఫిబ్రవరి 7

నాయనకు,

'ప్రియమైన' అని రాయబోతే చెయ్యి రాలేదు, మన్నించు.

నువ్వు రాసిన ఆ చివరి మాటలు డాక్టరమ్మకు చెప్పినాను. ఆమె కుర్చీలో నుంచి లేచి, "ఇంకా తీసుకురాలేదా?" అనింది. ఈడ మేము పొద్దున్నే మోకాళ్లూని ప్రార్థన చేసినాకనే సూది పట్టుకుంటాము. దేవుడు గుండ్లపల్లెలోనే ఉంటాడా, ఈ వార్డుకు రాడా? సంఘం ముందర దేవుణ్ణి గెలిపించే పని నీకు లేదు. అమ్మను బతికిస్తే చాలు. సెలవు అడిగితే వచ్చే సోమవారం దాకా లేదన్నారు. ఉంటే ఈ జాబు రాస్తా కూర్చునేదాన్ని కాదు, నేనే వచ్చి ఎత్తుకోని వచ్చేదాన్ని.

చంద్రకాంత

గుండ్లపల్లె,
ఫిబ్రవరి 18

నా ప్రియమైన బిడ్డకు,

మీ అమ్మను మన్నులో పెట్టినాక నువ్వు నా మొగం చూడకుండా బస్సెక్కినావు. తప్పు నీది కాదు. 'నాలుగు దినాల ముందు తెచ్చి ఉంటే' అని డాక్టరమ్మ అన్నప్పుడు నువ్వు నా పక్కనే ఉండావు. ఆ నాలుగు దినాలు ఏమైనాయో నీకు తెలీదు. చెప్తాను.

నీ జాబు బుధవారం అందింది. ఆదివారం దాకా జేబులో పెట్టుకోని తిరిగినాను. ఆదివారం ఆరాధనలో ఇంక ఆగలేక లేచి, "నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమైపాయ. ఆనందమ్మకు బాగలేదు. దాచినాను" అన్నాను. అందరూ లేచి పోతారనుకున్నాను. మన పక్కింటి సిద్ధమ్మవ్వ కూర్చున్న కాడ నుంచే, "మాకు తెలుసు గదయ్యా. ఆయమ్మ నోట్లో గుడ్డ కుక్కుకోని దగ్గేది గోడవతల మాకు ఇనబడతానే ఉండె. నీ మాట పోకూడదని ఊరికుండాము" అనింది. నీ జాబు వచ్చిందని తెలిసి, నేను అడుగుతానేమో అని మునస్వామి బుధవారం నుంచే బండిలో గడ్డి పరిచి పెట్టుకోనుండాడంట. ఆ బండిలోనే మీ అమ్మను ఆస్పత్రికి పిలుచుకోని వచ్చినాము.

విన్నావా తల్లీ! నేను దేవుని పేరును కాపాడతా, మీ అమ్మ నన్ను కాపాడతా, సంఘం నా మాటను కాపాడతా ఉంటే, ఆమెను కాపాడేవాళ్లు లేకపోయిరి.

దేవుడు బాగుచేయగలడు. చేయలేదు. రెండూ నిజమే. మొన్నటిదాకా ఆ రెండో మాట పలకాలంటే భయం, పలికితే మొదటిది కూలిపోతాదని. కూలలేదు. ఎందుకు కూలలేదో నాకే తెలీదు. మోకరిస్తే ఏడుపు తప్ప మాట రాదు. అయినా మోకరిస్తా ఉండాను.

నిన్న మునస్వామి వచ్చినాడు. వాడి నోట మాట రాకముందే నేనే, "బాప్తిస్మం వద్దనుకుంటే మానుకో అబ్బా, నేనేమీ అనుకోను" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపినాడు. "బాగయిందని నువ్వు చెప్పిన పొద్దు నాకు సగం నమ్మకమేనయ్యా. లేదని చెప్పినావు సూడు, ఆ పొద్దు నమ్మినాను" అన్నాడు.

ఆ మాటకు నాకు సంతోషం కలగాల్సింది. కలగలేదు. గడప మీద కూలబడి వాడి ముందరే ఏడ్చినాను.

కోపం తీరినాక రాయి తల్లీ. తీరకపోతే ఆ కోపమే రాయి.

నీ నాయన