నలభై ఒకటో పెట్టెలోని జంట

ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాల సంచాలకులవారి సముఖమునకు, కీటక విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లుగా సూదులు గుచ్చుతూ, ఈ శుక్రవారం పదవీ విరమణ చేయబోతున్న అసిస్టెంటు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పెట్టె నం. 41ని "పురుగు పట్టినది" అను కారణముపై శుక్రవారం కాల్చివేయుటకు జారీ అయిన ఉత్తర్వును రద్దు చేయుట గురించి. మరియు మన ప్రదర్శనశాలకు గుర్తుగా ఉన్న చిన్న నీలి సీతాకోకచిలుకకు న్యాయముగా చెందవలసిన పేరును, రాయవలసినవారి చేతనే రాయించుట గురించి.

పై విషయమై తమరికి సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు ఉత్తర్వు మీద తమరి సంతకం ఉన్నది. విభాగాధిపతిగారు పంపిన కాగితాల కట్టలో తమరు చదవకుండా సంతకం చేసి ఉంటారని నా నమ్మకం. సదరు పెట్టెకు పురుగు పట్టలేదు. ప్రతి నెలా మొదటి సోమవారం కలరా ఉండలు మార్చేది నేనే. ఇన్నేళ్లలో నా పెట్టెల్లోకి ఒక్క పురుగూ దూరలేదు. పురుగు దూరింది విభాగంలోకి. దాని వివరం మూడవ అంశంలో ఉన్నది.

2. వివాదంలో ఉన్న కీటకము గురించి. ఇది బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. ఎగిరితే మోకాలి ఎత్తు దాటదు. రైలు కట్ట పక్కన బీడులో పల్లేరు మొక్కల మీద తిరుగుతుంది. దీన్ని మొదట చూసినది నేను. శాస్త్రం కోసం వెళ్లి చూడలేదు. రైలు తప్పిపోయి పట్టాల వెంట నడుస్తుంటే చెప్పులోంచి పల్లేరుకాయ దిగింది. తీసుకుందామని కూలబడితే ముక్కు ముందే ఒక గోధుమరంగు సీతాకోకచిలుక పల్లేరు మొగ్గ మీద గుడ్డు పెడుతూ కనిపించింది. ఉప్పురవ్వంత గుడ్డు. ఆ తల్లినీ ఆ కొమ్మనూ టిఫిన్ డబ్బాలో పెట్టి ఇంటికి పట్టుకెళ్లాను.

3. సదరు కీటకము యొక్క జీవిత చరిత్ర. గుడ్డులోంచి వచ్చిన గొంగళిపురుగు పది రోజులు పల్లేరు పూలు తింటుంది. ఆపై నేల మీదికి జారి, దిక్కులేని దానిలా కూర్చుంటుంది. చీమలొస్తాయి. దీని వీపు మీద ఒక తీపి చుక్క ఊరుతుంది. చీమ ఆ చుక్క నాకి, వాసన చూసి, అయ్యో మన పిల్లే అనుకుని మోసుకుపోతుంది. ఇక పుట్టలో దీనికి రాజభోగం. చీమలు సొంత పిల్లల్ని పస్తు పెట్టి దీన్ని మేపుతాయి. ఇది చాలక ఆ పిల్లల్నే తింటుంది. చీమలకు మాత్రం చివరిదాకా మన పిల్లే. ప్యూపా కట్టి, రెక్కలు వచ్చాక గానీ గుట్టు బయటపడదు. అప్పుడు అది ఒక్క పరుగున పుట్ట దాటాలి.

ఇది కీటకము చరిత్ర. విభాగాధిపతిగారిది కాదు. ఆయన మన దగ్గరికి పంతొమ్మిదేళ్ల క్రితం ప్రొబేషన్ మీద వచ్చారు. రెక్క ఎక్కడ పట్టుకోవాలో తెలియక పొడి అంతా వేళ్లకు పూసుకునేవారు. ఫోర్సెప్స్ పట్టడం నేర్పాను. నా కారియర్లో అన్నం సగం పెట్టాను. నాలుగేళ్లు "అక్కా, అక్కా" అన్నారు. తమరికి ముందు ఆ కుర్చీలో కూర్చున్నవారికి అల్లుడయ్యాక "ఏమ్మా" అన్నారు. ఈ రెండు చరిత్రలూ ఒకే అంశం కింద రావడం కాగితం ఆదా చేయడానికే.

4. ఇంట్లో ఒక గాజుపెట్టెలో మట్టి పోసి, చీమల్ని కాపురం పెట్టించి, వంటింటి గట్టు మీద ఉంచాను. అవి బయటికి రాకుండా పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు. మా అత్తగారికి కాళ్లు పడిపోయి చాలాకాలమైంది. చక్రాల కుర్చీ గాజుపెట్టె పక్కకే వేయించుకుని, టీవీ మానేసి, అదే చూసేవారు. ఆ ఒక్క తల్లి పెట్టిన గుడ్లలోంచి పదిహేడు బయటికి వచ్చాయి. తొమ్మిది నీలివి, ఎనిమిది గోధుమరంగువి.

నేను కూడా మొదట తికమకపడ్డానని ఒప్పుకుంటున్నాను. వేరే జాతి గుడ్లు ఆ కొమ్మ మీద కలిసిపోయాయేమో అనుకున్నాను. ఆ అనుమానం మా అత్తగారు తీర్చారు.

"పిచ్చిదానా, రెండు రకాలేమిటే? మొగుడూ పెళ్ళామూను. అటు చూడు. ఆ నీలంవాడు సోకులరాయుడు. ఇది పాపం మట్టిరంగుది, గుడ్ల బరువంతా దీనిదే."

చూద్దును కదా, గాజు మీద నీలిదీ గోధుమదీ తోకలు కలుపుకుని ఉన్నాయి. రెక్కలు మూసుకున్నప్పుడు రెండింటి అడుగు భాగమూ ఒకటే: బూడిదరంగు మీద అవే నల్ల చుక్కలు, అంచున అదే నారింజ మచ్చ. పురుగుల్ని చంపే మందు సీసా తెచ్చి ఆ జంటను జంటగానే పట్టాను. పదిహేడింటినీ, వాటి ప్యూపా డొల్లలతో సహా, తారీఖు చీటీలతో పెట్టె నం. 41లో గుచ్చాను. మొదటి వరసలో ఉన్నది ఆ జంట. వాటికి ఆ రోజు క్షమాపణ చెప్పాను, ఆ పెట్టె తీసినప్పుడల్లా ఇప్పటికీ చెబుతాను.

5. ఇంకొక సంగతి శాస్త్రం కోసం మనవి చేస్తున్నాను. ఆ నీలం అసలు రంగు కాదు. రెక్క మీది పొలుసుల అమరికలో వెలుతురు పడి అలా కనబడుతుంది. ఒక్క బొట్టు స్పిరిట్ వేస్తే నీలం మాయమై మళ్లీ ఆరాక వస్తుంది. గోధుమరంగు మాత్రం నిఖార్సయిన రంగు, ఏం వేసినా పోదు. ఈ ప్రయోగం తమరు తమ గదిలోనే చేసుకోవచ్చు, స్పిరిట్ నేను తెస్తాను.

6. ఆరేళ్ల క్రితం ఆ పెట్టె తీసుకుని విభాగాధిపతిగారి గదికి వెళ్లాను. అప్పటికే ఆయన, నేను చూపించిన బీడులోనే పట్టినవాటితో, రెండు కొత్త జాతులు కనిపెట్టినట్టు వ్యాసం టైపు చేయించి ఉన్నారు. రెండు జాతులంటే రెండింతలు కీర్తి. ఇవి ఆడా మగా అండీ, ఒకే తల్లి పిల్లలు, చూడండి అన్నాను. గదిలో పై ఊరి నుంచి వచ్చిన పెద్దలు ముగ్గురు ఉన్నారు. ఆయన పెట్టె మూత కూడా ఎత్తలేదు.

"సూదులు గుచ్చేవాళ్లు సూదులు గుచ్చండమ్మా. జాతులు మేం చూసుకుంటాం."

పెద్దలు నవ్వారు. నేను పెట్టె తీసుకుని వచ్చేశాను. మెట్లు దిగేటప్పుడు పెట్టె కదలనివ్వలేదు.

7. ఆపై ఆవిష్కరణ సభ. నా సీతాకోకచిలుకకు పేరు పెడుతున్నారని మా అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. నీలిదానికి విభాగాధిపతిగారు తన మామగారి పేరు పెట్టారు. గోధుమదానికి లాటిన్ భాషలో ఏదో పెట్టి, "ఇది మా అసిస్టెంటుగారికి కానుక" అన్నారు. మా అత్తగారికి దాపరికం తెలియదు. సభలోనే అడిగారు.

"అంటే ఏమిటి బాబూ?"

"పనిమనిషి అని బామ్మగారూ. మీ కోడలే."

సభంతా నవ్వింది. తమరు అప్పుడు ఇక్కడ లేరు, కనుక తమరు నవ్వలేదు. కుర్చీ తోసుకుంటూ మా అత్తగారిని ఇంటికి తీసుకెళ్లాను. గుమ్మం దాటాక ఆమె అన్నది ఇది:

"మళ్లీ వెళ్లి చెప్పకు. చెబితే దిద్దుకుంటాడు. ఊరుకో. పండనీ."

ఊరుకున్నాను. ఆరేళ్లు. ఆయన తప్పును దిద్దే సాక్ష్యం నా సొరుగులో ఉండగా, గేటు మీద నీలి బొమ్మ లేచింది, టికెట్ల మీద నీలి బొమ్మ పడింది, ఆయనకు పదోన్నతి వచ్చింది. ప్రతి పుష్పగుచ్ఛానికీ చప్పట్లు కొట్టాను. ఒకసారి వేదిక మీదికి ఆ గుచ్ఛం అందించింది కూడా నేనే.

అర్జీలో "పగ" అన్న మాట రాయకూడదని, "మనస్తాపం" అని రాయాలని హెడ్ గుమాస్తాగారు సలహా ఇచ్చారు. ఆయన మంచివారు. కానీ మనస్తాపమైతే వారంలో తగ్గేది. ఇది పగే.

8. మూడవ అంశంలో ఒకటి రాయడం మరిచితిని. చీమల పుట్టలో హాయిగా బలిసే ఆ గొంగళిపురుగుకూ ఒక కందిరీగ ఉంది. అది పుట్టలోకి దూరి, గొంగళిపురుగు ఒంట్లో ఒక గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. గొంగళిపురుగుకు ఏమీ తెలియదు. తింటుంది, బలుస్తుంది, ప్యూపా కడుతుంది. నీలి రెక్కల కోసం మనం చూస్తూ కూర్చుంటే, డొల్ల పగిలి కందిరీగ బయటికొస్తుంది. గాజుపెట్టెలో రెండుసార్లు చూశాను. మా అత్తగారు రెండుసార్లూ చప్పట్లు కొట్టారు.

9. ఇక పేర్ల చట్టం. జీవులకు పేరు పెట్టే నియమాలు అన్ని దేశాలకూ ఒకటే. ఒకే జాతికి పొరపాటున రెండు పేర్లు పెడితే, ముందు అచ్చయిన పేరు నిలుస్తుంది. రెండూ ఒకే రోజున, ఒకే వ్యాసంలో అచ్చయితే? అప్పుడు, ఇవి రెండూ ఒకటే అని మొదటగా అచ్చులో చెప్పి, రెండు పేర్లలో ఒకటి ఎంచినవారి మాట శాశ్వతం. పేరు పెట్టినవారు ఏడ్చినా మొత్తుకున్నా మార్చలేరు. పైగా ఆ పేరు పక్కన, దాన్ని పెట్టినవారి పేరు ఎప్పటికీ అంటిపెట్టుకునే ఉంటుంది.

విభాగాధిపతిగారు రెండు పేర్లూ ఒకే వ్యాసంలో పెట్టారు.

10. గత నెలలో, ఒక పళ్ల డాక్టరుగారు నడిపే సీతాకోకచిలుకల పత్రికలో రెండు పేజీల వ్యాసం వచ్చింది. విభాగాధిపతిగారు ఆ పత్రికను పొట్లాలు కట్టుకునే కాగితం అంటారు. నూట ఇరవై ప్రతులే వేస్తారు, కానీ నియమాలకు అది చాలు. వ్యాసం రాసింది నేను. పెట్టె నం. 41లోని జంట ఫోటో ఉంది. నీలిదీ గోధుమదీ ఒకటేనని రుజువు ఉంది. రెండు పేర్లలో నేను ఎంచిన పేరు ఉంది.

నేను పనిమనిషిని ఎంచాను.

11. కనుక గేటు మీద ఎగిరే ఆ నీలి సొగసుకాడి పేరు ఇకమీదట లోకంలో ఎక్కడ రాసినా పనిమనిషి. పక్కన విభాగాధిపతిగారి పేరు. మామగారి పేరు కొట్టివేతల జాబితాలోకి పోతుంది. వందేళ్ల తర్వాత ఎవరైనా పుస్తకం తెరిచినా, మొగుడినీ పెళ్ళాన్నీ రెండు జాతులనుకున్న పెద్దమనిషి ఎవరో అందులోనే కనబడుతుంది.

12. పత్రిక విభాగాధిపతిగారి బల్ల మీదికి పోయిన వారం మంగళవారం చేరింది. గురువారానికల్లా పెట్టె నం. 41కి పురుగు పట్టింది. తమరు తారీఖులు సరిచూసుకోవచ్చు.

కనుక తమరిని ప్రార్థించునది ఏమనగా:

(అ) సదరు కాల్చివేత ఉత్తర్వు వెంటనే రద్దు చేయవలెను. పెట్టె నంబరు అచ్చులో ఉన్నది కాబట్టి, అది కాలితే ఎవరి సంతకంతో కాలిందని అడిగేవారు వస్తారు. ఇది బెదిరింపు కాదు, తమరి మీద గౌరవంతో చెబుతున్నాను.

(ఆ) ప్రదర్శన గదిలో నీలి సీతాకోకచిలుక కింద ఉన్న పాత చీటీ తీసి, కొత్త చీటీ విభాగాధిపతిగారి చేత, ఆయన స్వహస్తంతో రాయించవలెను. గత ఇరవై ఎనిమిదేళ్లుగా ఇక్కడ చీటీలన్నీ రాసినది నేనే. ఈ ఒక్కటి నేను రాయను.

క్షమించమని ఎవరైనా అడుగుతారేమోనని ముందే మనవి చేస్తున్నాను: క్షమించను. ఆ రోజు మూత ఎత్తి ఒక్కసారి చూసి ఉంటే, ఇవి రెండూ ఒకటేనన్న వ్యాసం మీద కూడా ఆయన పేరే ఉండేది, నేను సంతోషంగా చీటీ రాసి ఉండేదాన్ని.

తమరు దీనిని చిత్తగించవలెను. చిత్తగించకపోయినా ఇబ్బంది లేదు, అచ్చయిపోయింది.

ఇట్లు,
తమ విధేయురాలు
(శుక్రవారం సాయంత్రం ఐదు గంటల వరకు),
అసిస్టెంటు, కీటక విభాగం.

తా.క. చీటీ శుక్రవారం ఉదయం పదకొండింటికి రాయించండి. మా అత్తగారిని తీసుకొస్తున్నాను, ఇస్త్రీ చీర సిద్ధంగా ఉంది. ర్యాంపు మీద పూలకుండీలు అడ్డం ఉన్నాయి, కాస్త పక్కకు జరిపించండి. ఆమెకు ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు. అందుకని ఆయన్ను ఒక్కొక్క అక్షరమే పైకి చదువుతూ, నెమ్మదిగా రాయమనండి. రాయడం అయ్యాక ఆమె ఒకే ఒక్క మాట అడుగుతారు, "అంటే ఏమిటి బాబూ?" అని. జవాబు ఆయనే చెప్పాలి. ఆమెకు కాస్త చెవుడు కూడా వచ్చింది, గట్టిగా చెప్పమనండి.