సీసినె ఒడ్డున మిగిలిన ఇద్దరు

కాలా గొనోనె,
జూన్ 19, 1978.

ప్రియమైన బొనారియాకు,

నీ ఉత్తరం శనివారం అందింది. కాన్పు తర్వాత మనమ్మాయి అన్నీకా లేచి తిరుగుతోందనీ, పసివాడు పాలు బాగా తాగుతున్నాడనీ చదివి మనసు కుదుటపడింది. ఇక్కడ నేను బాగున్నాను, పడవ బాగుంది, నీ తమ్ముడు ప్రియామో నోరు కూడా ఎప్పటిలాగే బాగుంది.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. తిండి వేళకే తింటున్నాను. పక్కింటి గ్రెగోరియా చిక్కుడుగింజల పులుసు పంపుతోంది. నీ వంటలా ఉండదు కానీ ఆ మాట ఆవిడతో అనలేదు. వంటింటి కిటికీ రెక్క ఇంకా బాగుచేయలేదు. గ్రెగోరియా మేక మన టమాటా మొక్కలు తినేసిందని మూడు ఉత్తరాల్లోనూ రాశానట, మూడుసార్లు తిన్నదా అని వెక్కిరించావు. ఒక్కసారే తిన్నది. మూడుసార్లు రాశానని నువ్వు చెబితేనే నాకు తెలిసింది.

ఫోను చేయొచ్చు కదా అన్నావు. బారులో నేను ఫోను పట్టుకుంటే ఊరంతా పేకాట ఆపి వింటుంది. ఇది నీ ఒక్కదానికే చెప్పాలి.

కిందటి మంగళవారం టొరీనో నుంచి వచ్చిన పెద్దవాళ్లిద్దరు నా పడవ ఎక్కారు. ఆయన పేరు ఒత్తావియో, బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఆయన భార్య క్లేలియా. కొండల చాటున దాగిన ఒడ్డులన్నీ ఒక్కొక్కటిగా చూడాలని వాళ్ల ముచ్చట. ఇంజను ఆపి, తెడ్డు వేసుకుంటూ రాళ్ల సందుల్లోకి తీసుకెళ్లాను. నీళ్ల అడుగున మన పడవ నీడ కనబడితే ఆవిడ చప్పట్లు కొట్టింది. పదకొండింటికి సీసినె ఒడ్డున దింపాను. నాలుగింటికి వాళ్లను ఎక్కించుకోవడానికి కొండకు అవతల బిరియోలా ఒడ్డుకు వెళ్లాను.

అవును, బిరియోలాకే. మేకల దారిలో కొండ దాటి అక్కడికి నడిచివస్తామని ఆయన అన్నట్టు నాకు గుర్తు. టోపీ సర్దుకుంటూ ఆ మాట అనడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వెళ్లి చూస్తే ఒడ్డున ఎవరూ లేరు. పిలిచాను. నా గొంతే కొండకు తగిలి తిరిగొచ్చింది. గంటసేపు చూశాను. తూర్పుగాలి లేచింది. దారి తప్పి లోయలో పడ్డారేమో అనుకున్నాను. ఆ పక్క ఒడ్డు మరియోలూ దాకా వెళ్లి రాళ్ల మధ్య నీళ్లలోకి తొంగిచూశాను. దేనికోసం చూశానో రాయడానికి చేయి రావడం లేదు.

తిరిగొస్తుంటే ఏడింటికి సీసినెలో కనబడ్డారు. దింపినచోటే ఉన్నారు. దూరంగా పోతున్న ఏదో పడవకు చేతులూపుతూ నీళ్లలోకి దిగారట, నడుముదాకా తడిసి ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ పెదవులు నీలంగా ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది.

"బిరియోలాకు వస్తామని చెప్పి ఇక్కడ కూర్చుంటారా? మీకోసం సముద్రమంతా గాలిస్తున్నా!" అని అరిచాను.

"మేం ఇక్కడే ఉంటామనుకున్నాం కదయ్యా" అన్నాడాయన వణుకుతూ.

"నలభై ఏళ్లుగా పడవ నడుపుతున్నా. మాట మర్చిపోయే రకాన్ని కాదు."

ఆయన భార్యవైపు తిరిగాడు. "నేనలా అన్నానా, క్లేలియా?"

"ఏమో... ఆ దారి సంగతి అడిగినట్టున్నారు."

"అయితే అనే ఉంటాను. తప్పు నాదే. మిమ్మల్ని కంగారుపెట్టాం, ఏమనుకోకండి" అన్నాడు నాతో.

మర్నాడు పొద్దున రేవులో ఈ కథ ప్రియామోకు చెప్పాను. మంగళవారం అతని పడవ కూడా సీసినెలో నా పక్కనే ఆగింది.

"అదేంటి బావా! నడిచొస్తామని వాళ్లంటే నువ్వేగా వద్దన్నది? 'ఆ దారి మీ మోకాళ్లకు కాదు మాస్టారూ, ఇక్కడే ఉండండి, నాలుగింటికి వస్తా' అన్నావు. రెండుసార్లు అన్నావు."

"నిన్న పొద్దున్నే తాగొచ్చినట్టున్నావ్, అందుకే అలా వినబడింది."

"తాగింది నేనైతే మర్చిపోయింది నువ్వేంటి?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. కానీ ఆ రోజు ఏ పనీ సాగలేదు. ప్రియామో అబద్ధమాడే మనిషి కాదు. నాకు గుర్తున్నదీ నేను కల్పించుకున్నది కాదు. ఈ రెండూ ఎలా నిజమవుతాయో ఎంత ఆలోచించినా తెగలేదు.

బొనారియా, నీకు చెప్పాలనుకున్నది ఇదీ. తప్పు నాదేనని ఆ బుధవారమే లోలోపల తెలిసింది. అయినా నోరు మూసుకున్నాను. ఆ నింద ఇంకొకరు మోస్తున్నారు కదా అని హాయిగా కూడా అనిపించింది. ఎందుకంటే మే నెలలో ఒక పొద్దున ఇంజను ముందు కూర్చుని, దాన్ని ఎలా స్టార్టు చేయాలో తెలియక చాలాసేపు చేతులు చూసుకుంటూ ఉండిపోయాను. నీకు రాయలేదు.

శుక్రవారం రొట్టెల దుకాణంలో క్లేలియా కనబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"రేపే వెళ్లిపోతున్నాం. ఆరోజు నుంచి ఆయనకు నిద్ర లేదు. మతి పోతోందని బెంగ పెట్టుకున్నారు. తలుపు వేశానా, మాత్ర వేసుకున్నానా అని ప్రతిదీ చీటీమీద రాసుకుంటున్నారు. డాక్టరుకు చూపించాలి" అంది.

రొట్టె అక్కడే వదిలేసి ఆవిడ వెంట వాళ్ల బసకు వెళ్లాను. ఆయన బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నాడు.

"మాస్టారూ, మీరు ఏమీ మర్చిపోలేదు. మిమ్మల్ని అక్కడే ఉండమన్నది నేను. మర్చిపోయింది నేను. అది తెలిసి కూడా రెండురోజులు చెప్పలేదు" అన్నాను. నిలబడే చెప్పాను, టోపీ చేతిలో నలుపుకుంటూ.

ఆయన కలానికి మూత పెట్టాడు. చీటీలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి పక్కకు నెట్టాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"కూర్చోండి" అని కుర్చీ జరిపాడు. "మరి మీరెప్పుడు వెళ్తున్నారు డాక్టరు దగ్గరికి?"

నేను కూర్చున్నాను. క్లేలియా నా ముందు కాఫీ పెట్టింది. నా వల్ల చలిలో వణికిన మనిషి!

వచ్చే గురువారం దోర్గాలి ఊళ్లో డాక్టరు నన్ను చూస్తానన్నాడు. నిన్న పడవ తాళం ప్రియామోకు ఇచ్చాను. తీసుకుని జేబులో వేసుకున్నాడు, ఒక్క వెటకారం కూడా ఆడలేదు. అప్పుడు భయమేసింది నాకు. అతనికి ఎప్పటినుంచో తెలుసా? నీకు కూడా తెలుసా? లేక అందరం ఉత్తినే కంగారుపడుతున్నామా? పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఇంకోరకంగా అనిపిస్తోంది.

పసివాణ్ణి వదిలేసి పరుగెత్తుకు రావద్దు. ఒక్కటి మాత్రం చెప్పు. నువ్వు బయల్దేరిన రోజు బస్సు దగ్గర, నిన్ను తీసుకురావడానికి నేను అక్కడికి, కాల్యారికి, వస్తానన్నానా, నువ్వే వచ్చేస్తానన్నావా? ఏదో అనుకున్నాం. నీ నీలం గౌను గుర్తుంది, నువ్వు నవ్వడం గుర్తుంది. ఆ మాట గుర్తు రావడం లేదు. కోప్పడకుండా రాసి పంపు. ఆ ఉత్తరం జేబులోనే పెట్టుకుంటాను.

ఇట్లు,
నీ భర్త
బకీజియో