మిగిలిన నూరు మీటర్లు

జూన్ 9, 2024, ఆదివారం

58.6! నాలుగు వందల మీటర్లు యాభై ఎనిమిది పాయింట్ ఆరు! కోచ్ భానుచందర్ సార్ స్టాప్‌వాచ్ రెండుసార్లు చూపించారు. నేను మూడోసారి అడిగి చూశాను. పోయిన వారం కడుపు పాడై రెండు రోజులు పడుకున్నదాన్ని, ఈ టైమ్! బుధవారం తిరుపతిలో స్టేట్ మీట్‌కు సెలక్షన్ ట్రయల్స్. ఇదే కొడితే జిల్లా నుంచి నేనే.

పొద్దున చర్చి పూజలో ఫాదర్ జోయల్ ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. మనసంతా ట్రాక్ మీదే. తప్పే, ఒప్పుకుంటున్నాను.

నా రహస్యం ఇక్కడ రాయొచ్చు. "ఆన్ యువర్ మార్క్స్" అనగానే మరియమ్మకు చెప్పుకునే మంగళవార్త జపం మొదలుపెడతాను. స్టార్టర్ క్లాపర్ కొట్టేలోపు సగమే అవుతుంది, యేసు పేరు దాకా. రెండో సగం ఫినిష్ లైన్ దాటాక చెప్తాను. ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ సెకండియర్ దాకా ఇంతే. మరియమ్మ ఇంతవరకు ఏమీ అనలేదు.

జూన్ 11

పాదాల్లో చీమలు పాకుతున్నట్టుంది. కొత్త స్పైక్స్ బూట్లు బిగుతేమో. అమ్మతో చెప్పలేదు. చెప్తే రేపు మా వడమాలపేట దాటనివ్వదు.

జూన్ 13, ఆసుపత్రి

నిన్న ట్రయల్స్‌లో మూడు వందల మీటర్ల దగ్గర కాళ్ళు నావి కాకుండా పోయాయి. నొప్పి లేదు. ఎవరో విప్పి పక్కన పెట్టేసినట్టు. ముఖం మీద పడ్డాను. అప్పటికి అందరికంటే ముందు నేనే ఉన్నాను. అది రాయాలి.

జీబీఎస్ అట. రోగంతో పోరాడాల్సిన ఒంట్లోని శక్తే నరాల మీద పడిందట. ఈరోజు చేతులు కూడా బరువెక్కాయి. చాలామంది లేస్తారు, ఎప్పుడని మాత్రం చెప్పలేం అన్నారు డాక్టర్. టైమ్ చెప్పకపోతే ఎలా? టైమ్ మీద బతికేదాన్ని నేను.

పెన్ను జారిపోతోంది. రెండో సగం చెప్పనేలేదు.

జూలై 24

ఇది నా రాతే! పిడికిట్లో పెన్ను పట్టుకుని రాస్తున్నాను! అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఉంటే ఉండనీ.

ఆరు వారాలు. అందులో పన్నెండు రోజులు గొంతులో గొట్టం. ఒకరోజు ఫాదర్ వచ్చి నుదుటికీ అరచేతులకీ రోగులకు రాసే పవిత్ర నూనె రాశారు. అమ్మ, నాయన చుట్టూ నిలబడి మంగళవార్త చెప్పారు. "మా మరణ సమయమందును" దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. మండడానికైనా ఒళ్ళుంది కదా అనుకున్నాను. కదిలేవి కళ్ళు మాత్రమే, వాటిని మూసేశాను. మరియమ్మ మీద అలిగాను. నేను చచ్చేదాన్ని కాదు, నా పరుగు మధ్యలో ఉంది. లైన్ దాటేదాకా ఆ రెండో సగం నా నోట రాదని ఒట్టు పెట్టుకున్నాను.

అమ్మ రోజూ నా చెయ్యి ఎత్తి, దానితోనే నాకు సిలువ గుర్తు వేయించేది. వదిలితే తడి తువ్వాలులా పడేది. నాయన పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, బస్సెక్కి నేరుగా వచ్చి ఆ చెయ్యి పట్టుకునేవాడు. ఒంటి నిండా తోతాపురి మామిడి వాసన. నేను ఏడవని రోజు లేదు.

ఇవాళ ఏడవలేదు. రాశాను!

ఆగస్టు 2

సిలువ గుర్తులో నుదురు అందింది. సొంతంగా!

ఆగస్టు 6

గుండె. ఎడమ భుజం. కుడి భుజం రేపు చూస్తాను.

ఆగస్టు 7

కుడి భుజం!!! వార్డంతా వినపడేలా అరిచాను. నర్సు కోమలి పరుగెత్తుకొచ్చి, ఏమీ కాలేదని తెలిసి తిట్టి, తర్వాత ముద్దు పెట్టి పోయింది.

ఆగస్టు 21

ఫిజియో లోహిత మేడమ్ కాలు పైకెత్తి పట్టుకోమంటారు. అంకెలు లెక్కపెడితే నాకు నీరసం, అందుకని జపంతో పట్టుకుంటున్నాను. పక్కన మునెమ్మవ్వ. తిరుచానూరులో పూలమ్మేది, పక్షవాతం వచ్చింది. ఆమె గోవింద నామాలతో పట్టుకుంటుంది. ఒకే గదిలో ఇద్దరు దేవుళ్ళకు డ్యూటీ వేశారని మేడమ్ ఎగతాళి.

ఈరోజు అవ్వ నన్ను పట్టేసింది.

"మీ యమ్మ చెప్పేదాంట్లో ఇంకా శానా ఉండాది గదమ్మే. నువ్వేమో సగంలోనే కాలు దించేస్తా ఉండావు."

మేడమ్ వాచ్ చూశారు. ఆరు సెకన్లే, పది కావాలి అన్నారు. సిగ్గుతో ఒట్టు సంగతి చెప్పేశాను. అయితే మొదటి సగమే రెండుసార్లు చెప్పమన్నారు! తేలుకుట్టిన దొంగలా తల దించుకుని చెప్పాను.

గుమ్మం దగ్గర అమ్మ అంతా విన్నది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 8

మరియమ్మ పుట్టినరోజు పండగ. వీల్‌చైర్‌లో చర్చికి వెళ్ళాను. పూజకు ముందు ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం. అలక, ఒట్టు, అన్నీ చెప్పాను. తిడతారనుకున్నాను.

"'మరణ సమయమందును' అనే మాటకు ముందర 'ఇప్పుడును' అని ఉండాది గదమ్మా. నువ్వు దాన్ని దాటుకోని చివరికి ఉరికినావు," అన్నారు.

ఇన్నేళ్ళు రోజూ చెప్పి, ఆ మాటను చూడనే లేదు!

మెట్ల దగ్గర అమ్మతో చెప్పాను, నూనె రాసిన రోజు నా చావు కోసం ప్రార్థిస్తున్నారని కోపమొచ్చిందని. అమ్మ కొంగుతో నా ముఖం తుడిచింది. తుడవాల్సింది తన ముఖం.

"నేను సావుకా అడిగింది? నీ ఊపిరికి అడిగినాను పాపా."

ఇద్దరం అక్కడే ఏడ్చాం, జనం చూస్తున్నా. అలక పోయింది. ఒట్టు మాత్రం ఉంచుకుంటాను. ఇప్పుడది భయం కాదు, ముచ్చట.

అక్టోబర్ 3

నిలబడ్డాను! వాకర్ పట్టుకుని, మొదటి సగం నాలుగుసార్లు! మునెమ్మవ్వ గోవిందా అని కేక పెట్టింది. అవ్వా, అది నా జపం కాదు అన్నాను. ఏదైతే ఏమి, నువ్వు నిలబడితే సాలు అంది.

అక్టోబర్ 19

పదకొండు అడుగులు. పన్నెండో దానికి పడ్డాను. నవ్వొచ్చింది.

నవంబర్ 21

భానుచందర్ సార్ ఫోన్ చేశారు. తిరుపతి ట్రాక్‌కు కొత్తగా సున్నం గీతలు వేశారట. నేను పడిన చోటు గుర్తుందా అని అడిగాను. గుర్తుంది అన్నారు.

ఎల్లుండి వెళ్తున్నాం. అమ్మ వద్దంటోంది. నాయన నా పాత బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టాడు. నడకలో నలభై మీటర్లు ఎప్పుడూ దాటలేదు నువ్వు, మిగిలింది నూరు అని లోహిత మేడమ్ గుర్తుచేశారు. నాకూ తెలుసు. ట్రయల్స్ ముందున్నంత గుబులు. ఎంత బాగుందో ఈ గుబులు!

పడితే? పడిన చోటి నుంచే మళ్ళీ.

నవంబర్ 23

400 మీటర్లు. టైమ్: అయిదు నెలల పదకొండు రోజులు. సార్ రాసుకున్నారు.

గీత దాటాక రెండో సగం, ఒక్క మాటా వదలకుండా.

ఆమెన్.