ఎరువు నీళ్లు, బావగారి భోజనం

బావగారికి,

అక్క కులాసా అనుకుంటాను. పరీక్షకి కాలువ నీళ్లు పట్టుకెళ్లడానికి నేను బయల్దేరే ముందు రోజు మీరు తప్పకుండా ఫోన్ చేస్తారు. "రేపేగా రావడం? భోజనం మా ఇంట్లోనే" అంటారు. అలా వచ్చిన మూడుసార్లూ కాలువ అద్దంలా ఉంది. సీసాలో మందు చుక్క వేస్తే ఎరువు జాడే లేదు. అఖాతంలో చేపలు మాత్రం చస్తూనే ఉన్నాయి.

మొన్న గురువారం వస్తానని చెప్పి బుధవారమే వచ్చాను. పొలాల నీళ్లు కాలువలోకి వదిలే గేటు బార్లా తెరిచి ఉంది. ఎరువు నీళ్లన్నీ కాలువ వెంట అఖాతంలోకి పోతున్నాయి. అదే మందు చుక్కకి సీసా ఎర్రబడింది. ఆ గేటు తాళంచెవి మీ జేబులోనే కదా ఉండేది?

నేనేమీ అనడం లేదు. మళ్లీ వస్తున్నాను. ఏ రోజో అక్కకి కూడా చెప్పలేదు, దాన్ని పీక్కుతినకండి. ఈసారి భోజనం నేనే తెచ్చుకుంటాను.

మీ మరదలు